మూడు సంతకాలున్న స్నేహితురాలు

ప్రశ్న: మేడమ్, నాకూ మా ఫ్రెండ్‌కీ ఇంటర్ ఫస్టియర్ నుంచి స్నేహం. కిందటేడు కిడ్నీలు పాడై చనిపోయింది, నలభై కూడా దాటలేదు. పెళ్లి చేసుకోలేదు, నాన్న లేరు, వాళ్లమ్మతో ఉంటూ ట్యూషన్లు చెప్పుకునేది, బొమ్మలు వేసుకునేది. తనకి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ ఉందని డాక్టర్లు చెప్పారు, అంతకుముందు మల్టిపుల్ పర్సనాలిటీ అనేవారట. ఆ పేరు తెలియకముందే నాకు సంగతి తెలుసు, ఎలాగంటే తన పిలుపుని బట్టి. మామూలుగా నన్ను ‘ఏమే’ అనేది. ఒక్కోసారి ‘అక్కా’ అనేది, అప్పుడు తను చిట్టి, ఏడెనిమిదేళ్ల పిల్ల, క్రేయాన్లు కావాలి, చెగోడీలు కావాలి. ఇంకోసారి ‘మీరు కూర్చోండి, నేను పనిలో ఉన్నాను’ అనేది, అప్పుడు తను రాజ్యం, ఇక ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ముగ్గురూ బొమ్మలేసేవారు, ఎవరి సంతకం వారిదే. చిట్టి ఎప్పుడూ బావినీ, చుట్టూ కోళ్లనీ వేసేది. రాజ్యం నల్ల ఇంకుతో మనుషుల్లేని ఇళ్లు వేసేది. సొంత పేరుతో వేసినవి వాటర్ కలర్స్, ఉప్పాడ తీరం, పడవలు, వాటినే అందరూ మెచ్చుకునేవారు.

సంవత్సరీకం రోజున చిన్న ఎగ్జిబిషన్‌లా పెడదామని నేనన్నాను. వాళ్ల తమ్ముడు సరేనన్నాడు కానీ సొంత పేరున్న పడవల బొమ్మలు మాత్రమే పెట్టాలట, మిగతావి ‘ఆ పిచ్చి బొమ్మలు’ తీసి అవతల పారేస్తాడట. ఇంట్లో పెళ్లికెదిగిన కూతురుంది, నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావని అతని బాధ. చుట్టాలేమో అదంతా నటన అని ఇప్పటికీ అంటారు. ఏది తన అసలు బొమ్మ? జబ్బు పేరు రాయొచ్చా? ఆ బావి అర్థం ఏమై ఉంటుంది? ఇంకొకటి, ఎవరితోనైనా అంటే నవ్వుతారేమో కానీ, నాకు తన కంటే చిట్టి ఎక్కువ గుర్తొస్తోంది. ఇది తప్పా? (పేరు వద్దు, కాకినాడ)

జవాబు: ముందు పని చెప్తాను, కబుర్లు తర్వాత. ఏ ఒక్క కాగితాన్నీ పారేయనివ్వకండి. ఎగ్జిబిషన్‌లో ఏవి పెట్టాలన్నది నిదానంగా తేల్చుకోవచ్చు, పారేసింది తిరిగి రాదు. ఈ విషయంలో తమ్ముడి మాటే చివరి మాట అని మీరు అనుకుంటున్నారు, అది కాదు. వీలునామా రాయకుండా పోయిన పెళ్లికాని హిందూ స్త్రీ ఆస్తి, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముందు తల్లిదండ్రులకు చెందుతుంది, తల్లి ఉండగా తమ్ముడికి రాదు. బొమ్మలూ ఆస్తే, వాటి కాపీరైటూ ఆస్తే. మన దేశంలో చిత్రాల మీద కాపీరైటు చిత్రకారుడు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి మీరు అడగాల్సింది వాళ్లమ్మగారిని. ఉత్తరం మొత్తంలో ఆవిడ ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు చూశారా! మీకు కానుకగా ఇచ్చిన బొమ్మలు మీవే, గోడకి తగిలించుకోండి, కానీ ఎగ్జిబిషన్‌లో పెట్టాలన్నా, క్యాలెండర్ వేయించాలన్నా, ఇన్‌స్టాలో పెట్టాలన్నా అమ్మగారి దగ్గర ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోవడం మంచిది. ఇదంతా తమ్ముడితో తగువు పెట్టుకోమని కాదు. అతని భయం ఉట్టిదేం కాదు, మన పెళ్లి సంబంధాల సంగతి మీకూ తెలుసు.

ఇక ఏది అసలు బొమ్మ అన్న ప్రశ్న. లండన్ దగ్గర క్రోయ్‌డన్‌లో 1960లో పుట్టిన కిమ్ నోబుల్ అనే ఆవిడ ఉంది. మీ స్నేహితురాలికి ఉన్న జబ్బే ఈవిడదీ. చిత్రకళ ఎక్కడా నేర్చుకోలేదు, 2004లో, నలభై దాటాక బ్రష్ పట్టింది. ఆవిడలో ఉన్నవాళ్లలో డజను మంది దాకా బొమ్మలు వేస్తారు, ఒకరి పద్ధతి ఇంకొకరికి రాదు. ప్యాట్రీషియా అనే ఆవిడ మనిషి జాడ లేని ఎడారులు వేస్తుంది, రోజువారీ ఇల్లు నడిపేదీ ఎక్కువగా ఆవిడే. రియా ప్రాట్ అనే పన్నెండేళ్ల పిల్ల వేసినవి చిన్నపిల్లల మీద జరిగే హింస బొమ్మలు, చూడడం కష్టం. జూడీ పెద్ద పెద్ద కాన్వాసుల మీద వేస్తుంది. ఎగ్జిబిషన్లలో ప్రతి బొమ్మ కిందా అది వేసినవాళ్ల పేరే ఉంటుంది, ప్యాట్రీషియా, రియా, జూడీ, ఎవరిది వాళ్లకి. అన్నిటినీ ఒకటే ఒంటి చేతులు వేశాయని చూసేవాళ్లకీ తెలుసు. అయినా పేర్లు కలిపేయలేదు, చెరిపేయలేదు. నాకు నచ్చింది అదే. (నా మటుకు నాకు ఆ ఎడారులు ఇష్టం, రియా బొమ్మల ముందు ఎక్కువసేపు నిలబడలేను, అది నా బలహీనత, బొమ్మలది కాదు.)

మీ విషయంలోనూ అంతే. పడవలు అసలువి, బావులు జబ్బువి అని పంచడం మొదలుపెట్టారంటే తమ్ముడు చెప్పిందే మీరు కాస్త మర్యాదగా చెప్తున్నట్టు. పడవలు వేసినప్పుడు మాత్రం ఆ జబ్బు లేదా? ఆ పడవలు వేసిన మనిషీ ఆ జబ్బుతోనే బతికింది, మధ్యాహ్నం ఏం చేసిందో సాయంత్రానికి గుర్తులేక తికమకపడుతూనే పిల్లలకి లెక్కలు చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు కాబట్టి అవి ‘అసలు’ అవుతాయా? మీరే ఆలోచించండి.

నటన అనే చుట్టాల సంగతి కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఎందుకంటే ఈ అనుమానం ఒక్క మీ చుట్టాలది కాదు, డాక్టర్లలోనూ ఉంది. అమెరికాలో షర్లీ మేసన్ అని ఒక డ్రాయింగ్ టీచరు ఉండేది, 1923లో మిన్నెసోటాలోని చిన్న ఊళ్లో పుట్టింది. ఆవిడలో 16 మంది ఉన్నారని 1973లో ఒక పుస్తకం వచ్చింది, ‘సిబిల్’ అని మారుపేరు పెట్టారు, లక్షల ప్రతులు అమ్ముడుపోయింది, 1976లో టీవీ సినిమా కూడా అయింది. ఆ తర్వాతే అమెరికాలో ఈ జబ్బు ఉందని చెప్పిన కేసులు ఒక్కసారిగా పెరిగాయి. అయితే 1958లోనే మేసన్ తన డాక్టరు కార్నీలియా విల్బర్‌కి ఒక ఉత్తరం రాసింది, నాలో వేరే మనుషులెవరూ లేరు, నేను అబద్ధం ఆడాను అని. నిజం ఎదుర్కోలేక అలా రాసిందని విల్బర్ దాన్ని పక్కన పెట్టేసింది. ఏది నిజమో ఈరోజుకీ వాదించుకుంటున్నారు, డాక్టరే మందులతో, ప్రశ్నలతో ఆ పేర్లన్నీ పుట్టించిందని కొందరంటారు, చిన్నప్పటి హింస నుంచి మనసు అలా దాక్కుంటుందని ఇంకొందరు. పుస్తకం వల్ల తనెవరో ఎక్కడ బయటపడుతుందోనని మేసన్ ఉన్న ఊరు వదిలి కెంటకీలోని లెక్సింగ్టన్‌కి, ఆ డాక్టరు ఉన్న చోటికే వెళ్లిపోయింది, 1992లో విల్బర్ చనిపోయేదాకా ఆవిడకి సేవ చేసింది, 1998లో తనూ పోయింది. ఆ సిబిల్ ఈవిడేనని లోకానికి తెలిసింది ఆవిడ పోయాకే. ఆ ఇంటి నేలమాళిగలో ఒక అల్మరాలో దాచిన బొమ్మలు బయటపడ్డాయి. జీవితమంతా బొమ్మలు వేసి, బొమ్మలు నేర్పి బతికిన మనిషి, ఇప్పుడు ఆ బొమ్మల్ని ఎవరు చూసినా ఇందులో ఏది ఎవరు వేశారు, అబద్ధమా నిజమా అని వెతుకుతారే తప్ప బొమ్మగా ఎవరూ చూడరు. నాకు ఆ ఉత్తరం కంటే ఇదే ఎక్కువ బాధ.

కాబట్టి చుట్టాలకి మీరు జవాబు చెప్పక్కర్లేదు. జబ్బు మీద ఉన్న వాదన డాక్టర్లది. డాక్టర్లు పరీక్షించి ఆ పేరు చెప్పారు, అమెరికన్ సైకియాట్రీ వాళ్ల పుస్తకంలోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఆ జబ్బు ఉంది, మీకు అది చాలు. ఇంటర్ నుంచి చివరిదాకా, చూసే జనం లేని ఇంట్లో, చెగోడీల కోసం ఎవరైనా నటిస్తారా?

బావి సంగతి. దయచేసి దాని అర్థం వెతక్కండి. అది ఏదో ఘోరం జరిగిన చోటని మీ మనసులో ఉంది, మీరు రాయలేదు కానీ ప్రశ్న అడిగిన తీరులో తెలుస్తోంది. కావచ్చు. అమ్మమ్మగారింట్లో ఇష్టమైన చోటు కూడా కావచ్చు. ఈ జబ్బు ఉన్న చాలామంది బాల్యంలో హింస ఉంటుందన్నది నిజమే, కానీ బొమ్మని చూసి ఎవరు ఏం చేశారో తేల్చడం ఏ డాక్టరు వల్లా కాదు, పోయిన మనిషిని అడగనూ లేం, తేలేదల్లా ఆ ఇంట్లో బతికున్న వాళ్ల మీద అనుమానం. దానికి బదులు మీరు చూసింది రాసి పెట్టండి. ఏ వేళప్పుడు వేసేది, ఏ చేత్తో, ముందు బావి వేసేదా కోళ్లు వేసేదా, కోళ్లు ఎన్ని ఉండేవి, వేస్తూ ఏం మాట్లాడేది. అది మీకు తప్ప ఎవరికీ తెలీదు.

జబ్బు పేరు బోర్డు మీద రాయాలా వద్దా? తను బతికుండగా ఎవరెవరికి చెప్పుకుందో అదే హద్దు అని నేననుకుంటాను. ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులకి చెప్పలేదంటే, వాళ్లొచ్చే ఎగ్జిబిషన్‌లో మీరూ చెప్పకూడదు. అయితే జబ్బు పేరు రాయకుండానే సంతకాలు ఉంచొచ్చు. బొమ్మ కింద ‘చిట్టి’ అని, ‘రాజ్యం’ అని, ఏడాది, రంగులు ఏవో రాయండి, అంతే. ఎవరైనా అడిగితే ఆ పేర్లతో కూడా వేసేది అని చెప్పండి, అందులో అబద్ధం లేదు. కలం పేర్లు మన సాహిత్యంలో కొత్తా? అమ్మగారికీ తమ్ముడికీ ఇది నచ్చుతుందనే నా నమ్మకం, అతని కూతురి పెళ్లికి దీనివల్ల వచ్చే నష్టం లేదు. అప్పటికీ ఒప్పుకోకపోతే పడవల్ని పెట్టనివ్వండి, మిగతావి మీరు పదిలంగా దాచండి, పిల్ల పెళ్లయ్యాక మళ్లీ అడగొచ్చు.

సంతకం మాటొచ్చింది కాబట్టి ఇంకొకరి సంగతి చెప్పాలి. క్రిస్ సైజ్‌మోర్ అని, ఇదే జబ్బున్న ఒకావిడ, ఈవిడ జీవితం మీద 1957లో హాలీవుడ్ సినిమా వచ్చింది, హీరోయిన్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. సినిమా హక్కుల కాగితం మీద ఈవిడ చేత డాక్టరు నాలుగు సంతకాలు పెట్టించాడట, సొంత పేరుతో ఒకటి, తనలో ఉన్న ముగ్గురి పేర్లతో మూడు, నాలుగూ నాలుగు చేతిరాతలు. కథ అమ్మేటప్పుడు మాత్రం అందరి సంతకాలూ పనికొచ్చాయన్నమాట! ఆ కాగితం మీద 1980ల చివర్లో ఆవిడ కోర్టుకి వెళ్లింది, వ్యవహారం కోర్టు బయట సర్దుబాటైంది. తర్వాతి జీవితంలో ఆవిడ కూడా బొమ్మలు వేసింది, తన జబ్బు గురించి తనే నలుగురిలో మాట్లాడింది, 2016లో 89 ఏళ్లకి పోయింది.

చిట్టి గుర్తొస్తోందన్నారు. తప్పేముంది? వైద్యం చేసేవాళ్లు వీళ్లని వేర్వేరు మనుషులుగా లెక్కపెట్టరు, ఒకే మనిషి ముక్కలు అంటారు, చికిత్సకి అది అవసరం. కానీ మీకు ‘అక్కా’ అనే పిలుపు ఆగిపోయింది, అది చిన్న విషయం కాదు. పోయిన మనిషికి పిండం పెట్టడానికి, పేపర్లో ఫొటో వేయడానికి పద్ధతులున్నాయి, చిట్టి కోసం ఏ పద్ధతీ లేదు, ఆ పిల్ల పోయిందని మీతో కలిసి ఏడ్చేవాళ్లు కూడా లేరు, బహుశా వాళ్లమ్మ తప్ప. ఆవిడ దగ్గరికి కాపీరైటు కాగితం కోసం కాకుండా ముందు దీని కోసమే ఒకసారి వెళ్లండి. చిట్టి ఆవిణ్ని ఏమని పిలిచేదో అడగండి.

బొమ్మలు దాచే విధానం కూడా చెప్తాను, కాకినాడ గాలికి కాగితం ఊరికే బూజు పడుతుంది. ముందు అన్నిటినీ నీడలో, పగటి వెలుతురులో ఫొటోలు తీయండి, వెనక వైపు కూడా, అక్కడ తారీఖులూ గీతలూ ఉంటాయి. లామినేషన్ వద్దే వద్దు. సెల్లోటేప్ అంటించొద్దు, పసుపు మరక మిగులుతుంది. న్యూస్ పేపర్లో చుట్టొద్దు, దాని యాసిడ్ బొమ్మకి ఎక్కుతుంది, యాసిడ్ లేని కాగితం ఆర్ట్ సామాను షాపుల్లో అడిగితే దొరుకుతుంది, ఒక్కో బొమ్మకీ మధ్య ఒకటి వేసి పడుకోబెట్టి ఉంచండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, వర్షాకాలంలో మార్చండి. వాటర్ కలర్ ఎండకి వెలిసిపోతుంది, కాబట్టి కిటికీ ఎదురు గోడకి పెట్టొద్దు. క్రేయాన్ మైనం కదా, వేడికి మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది, చిట్టివి ఫ్రేమ్ కట్టిస్తే అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ వేయించి సందు ఉంచమనండి. వివరాలు వెనక మెత్తని పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో కాదు.

ప్రశ్న: ఈ జబ్బూ స్కిజోఫ్రేనియా ఒకటేనా? మా లెక్చరర్ ఒకటే అన్నారు. (డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ)

జవాబు: కాదు. స్కిజోఫ్రేనియాలో మనిషి ఒకరే ఉంటారు, లేని మాటలు వినపడడం, లేనివి ఉన్నాయని గట్టిగా నమ్మడం లాంటివి ఉంటాయి, దానికి మందులు ముఖ్యం. ఇందులో పేరూ గుర్తూ తీరూ మారిపోతుంటాయి, మధ్యలో జరిగింది గుర్తుండదు, దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదు, ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడే చికిత్సే ప్రధానం, డిప్రెషన్ లాంటివి తోడైతే వాటికి మందులిస్తారు. లోపల గొంతులు వినపడడం ఇందులోనూ ఉండటం వల్ల డాక్టర్లు కూడా ఒక్కోసారి పొరబడతారు. సినిమాల్లో రెండో మనిషి ఎప్పుడూ హంతకుడే, అసలు జీవితంలో ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువగా హాని చేసుకునేది తమకే.

ప్రశ్న: మా పిన్నికి అమ్మవారి పూనకం వస్తుంది. ఇది అదేనా? (తెనాలి)

జవాబు: జాతరలో వచ్చి, జాతరతో పోయి, ఆవిడకీ ఇంటికీ ఇబ్బంది లేకపోతే అది జబ్బు కాదు. సికింద్రాబాద్ మహంకాళి గుళ్లో బోనాలప్పుడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆవిడని ఎవరైనా ఆస్పత్రికి తీసుకెళ్తారా? డాక్టర్ల పుస్తకాలు కూడా, ఆ సంస్కృతిలో మామూలుగా ఒప్పుకునే పూనకాన్ని జబ్బు కింద రాయొద్దనే చెప్తాయి. కానీ వద్దనుకున్నా వస్తూ, వంటగదిలో, బస్సులో, ఎక్కడపడితే అక్కడ వస్తూ, తర్వాత మనిషి గంటలు గంటలు మర్చిపోతూ, భయపడుతూ ఉంటే మాత్రం సైకియాట్రిస్టుకి చూపించండి. మూర్ఛ వ్యాధి కూడా ఒక్కోసారి ఇలా కనిపిస్తుంది, ముందు అది కాదని తేలాలి. భూతవైద్యుడి చేత కొట్టించడం మాత్రం వద్దు.

ప్రశ్న: మా హాస్టల్లో నా రూమ్మేట్‌కి ఈ జబ్బని ఈమధ్యే తెలిసింది. తనూ బొమ్మలేస్తుంది. పేరు మారినప్పుడు నేనెలా మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (హైదరాబాద్)

జవాబు: ఆ పూట ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతో పిలువు. నీకు చూడాలని ఉన్నా ‘ఫలానా వాళ్లని రమ్మను’ అని అడక్కు. ఫోన్లో వీడియో తీయకు, మిగతా రూముల వాళ్లకి కథలు చెప్పకు. తనకి గుర్తులేని గంటల్లో ఏం జరిగిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు, చిన్నగా చెప్పు, దాచకు, పెంచకు. నువ్వు డాక్టరువి కాదు, చిన్నప్పుడు ఏం జరిగిందని తవ్వకు. చచ్చిపోతానని అన్నా, ఒళ్లు కోసుకున్నా మాత్రం ఎవరికీ చెప్పొద్దన్న ఒట్టు పక్కన పెట్టి వార్డెన్‌కీ ఇంట్లోవాళ్లకీ చెప్పు, ఏం చేయాలో తోచకపోతే 14416కి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు. ఇక బొమ్మలంటావా, డ్రాయింగ్ పుస్తకం మంచం మీద పడి ఉన్నా నువ్వు తెరవకు. తను చూపిస్తే చూడు, బాగుంటే బాగుందను, ఎవరు వేశారని అడిగే ముందు సంతకం చూసుకో.